తామరాకు కోయబోయిన పెళ్ళికొడుకు

నా చిన్నప్పుడు, కొండకర్ల ఆవ ఒడ్డున ఉండే మా ఊరికి విశాఖపట్నం చాలా దూరం. ఇప్పుడు ఆ పట్నమే మా గుమ్మం దాకా వచ్చి కూర్చుంది గానీ, అప్పట్లో ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకుంటున్నారన్న కబురు తప్ప మా దాకా ఏమీ వచ్చేది కాదు. చుట్టూ కొండలు, నడుమ మంచినీళ్ళ సరస్సు. దాన్నే మేము ఆవ అంటాం. శీతాకాలం వచ్చిందంటే ఏయే దేశాల నుంచో పిట్టలు వచ్చి దిగేవి. వాటి గోలకి నిద్ర చెడిన మా నాన్నమ్మ పొద్దున్నే వాటిని తిట్టడంతో పని మొదలుపెట్టేది.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త చుట్టం వస్తే కాళ్ళకి నీళ్ళిచ్చి, నేరుగా ఆవలోకి తీసుకెళ్ళేవారు. రెండు తాటి మొద్దులు తొలిచి పక్కపక్కన కట్టిన దోనెలో కూర్చోబెట్టి, వాళ్ళు భోంచేసే తామరాకుని వాళ్ళ చేతే కోయించేవారు. ఎంత గొప్పవాడైనా సరే, తన ఆకు తాను కోసుకోవాల్సిందే.

ఓసారి మా చిన్నత్తని చూసుకోవడానికి పట్నం నుంచి పెళ్ళివారు వచ్చారు. పిల్లవాడికి పోర్టులో లాంచీ మీద పని. ఏదో పెళ్ళిలో అతన్ని చూసినప్పటి నుంచీ అత్తకి అతనంటే ఇష్టం. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది. ఈ సంబంధం ఎక్కడ తప్పిపోతుందోనన్న బెంగతో పొద్దుటి నుంచి మెతుకు ముట్టలేదు.

దోనెలో వెనక నోట్లో చుట్ట, చేతిలో గెడకర్రతో మా తాతయ్య, ముందు పెళ్ళికొడుకు, మధ్యలో నేను. ఒడ్డున రెండు ఇళ్ళ ఆడవాళ్ళు, వాళ్ళ వెనక అత్త. మంచి ఆకు కాస్త ఎడంగా కనిపించేసరికి పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు.

"కూకో బాబూ, దీని మీద నిలబడకూడదు," అన్నాడు తాతయ్య.

"సముద్రం మీదే నిలబడి తిరుగుతన్నానండి, ఈ నీళ్ళు నన్నేటి సేత్తాయి?"

నీళ్ళు చేయాల్సింది చేశాయి. నడుం లోతు బురదనీళ్ళలోంచి అతను లేచేసరికి ప్యాంటుకి ఇస్త్రీ లేదు, క్రాఫుకి పాపిడి లేదు. చెవి మీదుగా తామరతూడు వేలాడుతోంది. ఒడ్డంతా ఒకటే నవ్వు. ఆపుకోలేక అత్త కూడా నవ్వేసింది పాపం. అతను అది చూశాడు. మొహం మాడిపోయింది. వాళ్ళమ్మ విసురుగా లేచి, "నడండి, బస్సుకి టైమైపోతంది," అంది. భోజనాలింకా కాలేదు. ఆ మాటకి అర్థమేమిటో నాక్కూడా తెలిసింది. అత్త మొహం పాలిపోయింది.

అతనికి చెయ్యి అందిద్దామని అంచు దాకా వచ్చిన తాతయ్య కాలు జారి, దభేలున తానూ నీళ్ళలో పడ్డాడు.

"ఇదింతే బాబూ! పుట్టిన కాడి నుంచి దీని మీదే ఉన్నాను, నన్నూ ముంచేత్తాది," అన్నాడు తలపాగా పిండుకుంటూ.

తాతయ్య దోనె మీంచి పడగా నేనెన్నడూ చూడలేదు. ఆ మాటే పైకి అనబోతే, నీళ్ళలోంచి చెయ్యి చాపి నా కాలి బొటనవేలు గట్టిగా నొక్కాడు.

"ముసిలోడివైపోయేవు, ఇంకా ఏటీ కుప్పిగంతులు!" అని నాన్నమ్మ ఒడ్డు మీంచి అందుకుంది. నవ్వులన్నీ తాతయ్య మీదికి మళ్ళాయి. అందరికంటే ముందు పెళ్ళికొడుకే పగలబడి నవ్వాడు, ఆ తర్వాత వాళ్ళమ్మ. బస్సు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తాతయ్య పంచె కట్టుకుని, తామరాకులో మారు వడ్డించుకుని మరీ తిన్నాడతను. ఆ యేడే మాకు మావయ్య అయ్యాడు.

తాతయ్య పోయి చాలా కాలమైంది. మొన్న శీతాకాలంలో మావయ్యతో కలిసి ఆవ చూడ్డానికి వెళ్ళాను. పరవాడ వైపు పొగగొట్టాలు, ఒడ్డున కార్లు, దోనెల్లో ఫోటోలు దిగే పిల్లలు. పిట్టలు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. ఇన్నేళ్ళు దాచిన మాట ఉండబట్టలేక చెప్పేశాను, ఆ రోజు తాతయ్య కావాలనే పడ్డాడని.

"నాకు తెల్దనుకున్నావేటమ్మా? కాలు జారినోడు ముందు నోట్లో సుట్ట తీసి, దోనెలో జాగర్తగా పెట్టి మరీ పడతాడేటి?" అన్నాడు మావయ్య. "అది సూసే అనుకున్నాను, అల్లుడినైతే ఈ ఇంటికే అవ్వాలని."

నవ్వీ నవ్వీ ఇద్దరికీ కళ్ళ నీళ్ళొచ్చాయి. తాతయ్య ఎంతగా గుర్తొచ్చాడో చెప్పలేను. నలుగురిలో ఎవరైనా తడబడి చిన్నబోతే, నేనూ ఏదో ఒకటి తప్పు చేసి వాళ్ళ పక్కన చేరిపోవడం నాకు అలవాటైపోయింది. నాకు చుట్ట అలవాటు లేదు గానీ, కళ్ళజోడు మాత్రం ముందే తీసి పక్కన పెట్టుకుంటాను.