సాగిపోయిన రేకు

మొన్న కదిరి బస్టాండు దగ్గర ఏదో ఆటో తగిలి మా చిన్నవాడి కారు తలుపుకు అరచేతిలో పట్టేంత సొట్ట పడితే, తలుపు మొత్తం మార్చాల్సిందేనని చెప్పాడట షోరూములో చల్లగా కూర్చున్న ఇస్త్రీ చొక్కా మహానుభావుడు. వినగానే ఒళ్లు మండింది. ఆ వెంటనే, నా ఒళ్లు అంతకంటే ఎక్కువగా మండించిన మా మేనమామ గుర్తుకొచ్చాడు.

ఏడో తరగతితోనే బడికీ నాకూ చెడింది. అక్కడా ఇక్కడా తిరిగి, మీసాలొచ్చాక ధర్మవరంలో మామ షెడ్డుకు చేరాను. రేకు వెనక ఇనుపదిమ్మె ఆనించి, ముందునుంచి చిన్న సుత్తితో తడుతూ సొట్టను దాని చోటికి రప్పించడం మా పని. మామకు మాట తక్కువ, తిట్టు ఎక్కువ. నాకేమో నోరు ఊరుకోదు. ఒకరోజు మామ ఒక పట్టుచీరల వ్యాపారి తెల్లకారు తలుపు చూపించి, ఈ సొట్ట సరిగ్గా తీస్తేనే నిన్ను పనివాడంటాను, లేకుంటే నీ దారి నువ్వు చూసుకో అన్నాడు.

సొట్ట వచ్చేసింది. అక్కడితో ఆపాలి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు కదా అని, మామ నడకను వెక్కిరిస్తూ తాళం వేసినట్టు ఇంకో నాలుగు దెబ్బలు వేశాను. రేకు సాగిపోయింది. సాగిన రేకు వేలితో నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే టప్పుమని బయటికొస్తుంది. అది కనబడకుండా గుట్టుగా పైన లప్పం పూసి నున్నగా రుద్దేశాను.

మామ కళ్లు మూసుకుని తలుపంతా అరచేత్తో తడిమాడు. వ్యాపారి ముందరే లప్పమంతా గీకేశాడు.

"సొట్ట తీయమంటే గోడకు సున్నం కొట్టినట్ల కొట్టినావు కదరా! పో ఈడనుంచి!"

"పోతాలే మామా. నీ మొగం మీది సొట్టలు ఎవరు తీస్తారో నేనూ చూస్తా."

మామ విసిరేస్తే నా సుత్తి రోడ్డు మీద పడింది. మామ రేకును మంటతో కాల్చి, తడిగుడ్డ అదిమి, సాగినదాన్ని మళ్లీ బిగించడం రోడ్డవతల నిలబడి చూశాను. అంత కోపంలోనూ కళ్లు తిప్పుకోలేకపోయాను.

కసికొద్దీ మామ షెడ్డుకు ఎదురుగానే నా షెడ్డు పెట్టాను. నా దగ్గరికొచ్చే ప్రతి బండినీ మామ ఆపి, "ఆడికి పోతాండావా అన్నా? సొట్ట ఇచ్చి గుంత తెచ్చుకుంటావు" అనేవాడు. ఏనాడైనా ఆ చెయ్యి నేను చేసిన తలుపు తడుముతుందేమోనన్న భయంతోనే, ఆపాల్సిన దెబ్బ దగ్గర ఆపడం నేర్చుకున్నాను. మామ మాత్రం చచ్చేదాకా నన్ను పనివాడని అనలేదు. నేనూ కడసారి చూపుకు పోలేదు.

ఇప్పుడక్కడ రెండు పక్కలా సెల్లు దుకాణాలు. పాతవాళ్లు ఎదురైతే, భలే తీసేవాడివన్నా అని మెచ్చుకుంటారు, వాళ్లకేం తెలుసు. పని తెలిసి నన్ను తిట్టేవాడు ఈ ఊళ్లో ఒక్కడూ మిగల్లేదు.