మేడ మీద గాజుల చప్పుడు

మా చిన్నప్పుడు... హైదరాబాదు హుస్సేనీ ఆలంలోని మా ఇంట్లో, మేడమీది గదిలో ఒక దయ్యం ఉండేది. అందరి దయ్యాల్లా అర్ధరాత్రి కాదు, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కునుకు తీసే వేళకు వచ్చేది. అరిచేది కాదు, ఏడ్చేది కాదు... గలగలమని గాజుల చప్పుడు, అంతే.

అది మా యశోదక్కే అని ఇంట్లో అందరి నమ్మకం. మా పెద్దబాపు, అంటే పెదనాన్న కూతురు, ఒక్కతే బిడ్డ. ఎనిమిదేళ్లకే విషజ్వరం వచ్చి పోయింది. ఆ తర్వాత వాళ్లమ్మ, మా పెద్దమ్మ, కంచం ముందు కూర్చునేది గానీ, తినేది కాదు.

మా ఇంటికి గాజులమ్మే ఒకామె వచ్చేది, అందరం ఖాలా అని పిలిచేవాళ్లం. వెదురు బుట్ట దించి, ఆడపిల్లలను వరసగా కూర్చోబెట్టుకుని, మా పిడికిళ్లు నొక్కి నొక్కి గాజులు ఎక్కించేది. ఎవరి చెయ్యి ఏ సైజో ఆమెకు నోటికి వచ్చు. యశోదక్క పోయాక కూడా పెద్దమ్మ అక్క సైజు గాజులు డజను తీసుకునేది. ఖాలా ఒక్క మాట అడగకుండా ఏరి ఇచ్చేది. అవి మేడమీది సందూక పెట్టెలోకి వెళ్లేవి. ఆ సందూకకు తాళం లేదు...

ఎనభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. ఆ దయ్యాన్ని నేనే.

నాకప్పుడు ఏడేళ్లు, గాజులంటే ప్రాణం. అందరూ పడుకోగానే మేడెక్కి, ఆ గాజులన్నీ వేసుకుని చేతులు ఊపుకుంటూ కూర్చునేదాన్ని. మొదటిరోజే కింద పెద్దమ్మ లేచిన అలికిడి వినిపించింది. ఇక తన్నులు తప్పవనుకున్నాను. ఆమె పైకి రాలేదు, మెట్ల కిందే కూర్చుండిపోయింది. నా బిడ్డ వచ్చిందని మా అమ్మతో చెప్పిందట. ఆ సాయంత్రం పెరుగన్నం కలుపుకుని కడుపునిండా తిన్నది.

ఇక నేను రోజూ మేడెక్కాను. ముందు గాజుల కోసం... తర్వాత పెద్దమ్మ అన్నం కోసం.

నాయనమ్మకు మాత్రం భయం. పిల్లలున్న ఇల్లని, ఊదు పొగ వేసే ఫకీరును పిలిపించింది. ఏనాడూ అత్త ముందు తలెత్తని పెద్దమ్మ ఆరోజు మెట్లకు అడ్డంగా కూర్చుంది.

"నా బిడ్డ నా ఇంట్ల తిరుగుతె మీకేం కష్టమైంది అత్తమ్మా? పొగబెట్టి ఎల్లగొడ్తరా?"

ఫకీరు గుమ్మంలోనే దువా చేసి వెళ్లిపోయాడు. నిజం నా నోటిదాకా వచ్చింది. చెబితే పెద్దమ్మ మళ్లీ అన్నం మానేస్తుందని మింగేశాను.

కానీ చెయ్యి ఊరుకోదు కదా, పెరుగుతుంది. రెండేళ్లకు ఆ గాజులు ఎక్కలేదు. బలవంతాన ఎక్కిస్తే రెండు పగిలి మణికట్టు కోసుకుపోయింది. ముక్కలు ఏరి, గుడ్డ కట్టుకుని దిగాను.

మేడ మీద చప్పుడు ఆగిపోయింది. పెద్దమ్మ రోజూ మెట్ల కింద కూర్చుని వినేది... సాయంత్రం కంచం ముందు నుంచి లేచిపోయేది. నేను నీళ్ల గోలెం చాటున కూర్చుని ఏడ్చేదాన్ని.

అలా పదిరోజులు గడిచాక ఖాలా వచ్చింది. పెద్దమ్మ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నా మణికట్టు మీది గాటును బొటనవేలితో నిమిరి, ఆ చేతిని తీసి ఖాలా ఒళ్లో పెట్టింది.

"మా యశోదకు ఈసారి ఒక సైజు పెద్దయి ఇయ్యి ఖాలా. బిడ్డ పెరిగింది."

ఖాలా నా పిడికిలి నొక్కి చూసి, ఎప్పటిలాగే డజను ఏరింది. మర్నాడు మధ్యాహ్నం నేను మేడెక్కాను. ఆ సాయంత్రం పెద్దమ్మ తను తింటూ నాకూ ముద్దలు కలిపి పెట్టింది. ఆమె ఎప్పటినుంచి ఎరుగునో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇప్పుడు నా మనవరాలు ఫోన్‌లో దయ్యాల కథలు పెట్టుకుని దుప్పటి ముసుగు తన్నుతుంది. అన్నిట్లోనూ తరిమేయడమే... ఉండనిద్దామని ఒక్కరూ అనరు. మా ఇంటి దయ్యం మాత్రం నాకు పెళ్లయ్యేదాకా సైజు పెరుగుతూనే ఉంది.

మీ ఇళ్లలోనూ అలా మీరు వెళ్లనివ్వకుండా ఉంచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి... నేనేం భయపడనులెండి.