అరుగు మీద కండెల వరుసలు

నా చిన్నప్పుడు అసూయ నాకు ఆకలిలాగే వేళకు వచ్చేది. బడి నుంచి వచ్చి రాట్నం ముందు కూర్చోగానే మొదలయ్యేది. మాది పోచంపల్లిలో మగ్గం ఉన్న ఇల్లు. మా తాతయ్య నేసేవాడు. నేనూ, మా చిన్నాయన కూతురూ ఆయన మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టడానికి చిన్న పుల్లలకు నూలు చుట్టి కండెలు చేసేవాళ్లం. దీపాలు పెట్టే వేళకు ఎవరి బుట్టలో కండెలు ఎక్కువుంటే వాళ్లు తాతయ్య పక్కన కూర్చుని చిటికి కట్టవచ్చు. రంగు అంటకూడని చోట నూలును దారంతో బిగించి కట్టడమే చిటికి. అద్దకం అయ్యాక ఆ ముడులు విప్పితే పువ్వు బయటపడుతుంది. ఆ పువ్వు నా చేత్తో పుట్టాలని నాకు ప్రాణం కొట్టుకునేది.

రోజూ చెల్లెలే గెలిచేది. అది నాకంటే చిన్నది, మాటిమాటికీ దారం తెంపేది, మధ్యలో లేచి పిల్లిని చూసొచ్చేది. అయినా దాని బుట్టే నిండుగా ఉండేది. తాతయ్య పక్కన చేరి అది నా వైపు చూసి నవ్వితే నాకు ఒళ్లు మండిపోయేది. దాని చేతుల్లో ఏదో మహిమ ఉందనుకుని నా చేతులను నేనే తిట్టుకునేదాన్ని.

ఒకరోజు అన్నం ముందు పెట్టుకుని ఏడ్చాను. తాతయ్య అది చూశాడు. ఆదివారం పొద్దున మమ్మల్ని పిలిచి, తాను నేసిన బట్టను కర్రకు చుట్టినప్పుడల్లా ఎవరి కండెలు వాళ్లు అరుగు మీద వరుసగా పేర్చమన్నాడు.

"ముందుగల్ల ఉన్నయి చూసి ఏడ్వకు బిడ్డా. ఏ వరుస ఎట్ల పెరుగుతాందో జర చూడు," అన్నాడు నాతో.

మేమింకా రాట్నం ముట్టకముందే చెల్లెలు బుట్టలోంచి అయిదు కండెలు తీసి పేర్చింది. అవి చిన్నమ్మ చుట్టినవి. రోజూ మేం బడి నుంచి రాకముందే కూతురి బుట్టలో అయిదేసి వేసి ఉంచేదట. నాకు ఆరోజే తెలిసింది. ఆ తర్వాత తాతయ్య బట్ట చుట్టిన ప్రతిసారీ నా వరుసకు మూడు చేరాయి, దాని వరుసకు రెండు. మధ్యాహ్నానికి రెండూ సమానమయ్యాయి. ఆపైన నాదే ముందు. బడి ఉన్న రోజుల్లో అంత పొద్దు దొరకక ఓడిపోయేదాన్నన్నమాట.

ఆ సాయంత్రం చిటికి కట్టింది నేనే. చెల్లెలు ఏడుస్తూ తల్లి ఒళ్లో దూరింది. "ఊకో బిడ్డా, రేపు ఇంకిన్ని చుట్టి పెడ్త," అంది చిన్నమ్మ దాని తల నిమురుతూ.

అది విన్నాక నాకు గెలుపు రుచించలేదు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది.

తర్వాత నేను లెక్కల టీచరునయ్యాను. మూడు ఎక్స్ పెద్దదా, రెండు ఎక్స్‌కు అయిదు కలిపితే పెద్దదా అని పిల్లలను అడిగేదాన్ని. ఎక్స్ ఎంతో తెలియకుండా జవాబు చెప్పినవాళ్లను కూర్చోమనేదాన్ని. గుణకం మెల్లగా పని చేస్తుంది, స్థిరపదం మొదట్లోనే మురిపిస్తుంది అని చెప్పేదాన్ని. ఇప్పుడు నల్గొండలో మా మనవరాలు ఫోనులో స్నేహితురాలి మార్కులు చూసి మూతి ముడిస్తే, తాతయ్య మాటే చెబుతాను. అది నమ్ముతుంది. నేనూ నమ్ముతాను.

కానీ నా మూడేసి కండెలు నాకిచ్చిన గెలుపులన్నీ ఎవరైనా తీసుకుని, బడి నుంచి వచ్చేసరికి ఆ అయిదు కండెలు నా బుట్టలో వేసి ఉంచుతానంటే, ఈ వయసులో కూడా నేను సరేనంటాను.