లేవనంటే లేవని హేమలత టీచరు

హేమలత టీచరుతో తగువు పెట్టుకుని గెలిచినవాడు లేడు. మనదే పైచేయి అనుకునేలోపు అమెరికా నుంచి ఎవరో ఒక ఆడమనిషిని సాక్ష్యానికి దింపేస్తుంది. శృంగవరపుకోట నుంచి అరకు వెళ్లే బస్సులో కండక్టరుగా రోజూ నేను పడే అవస్థ ఇది.

ఒకసారి ఆవిడ పుస్తకాల మూటకి లగేజీ టికెట్ కొట్టబోయాను.

"సూసన్ ఆంథొనీ ఆడదై ఉండి ఓటేసిందని జరిమానా వేశారు. చచ్చేదాకా కట్టలేదు, తెలుసా?"

"ఆవిడ మా బస్సెక్కలేదు కదా టీచరమ్మా!"

"ఎక్కుంటే తెలిసేది నీకు."

డ్రైవర్ భీమన్నకీ తప్పలేదు. "హేరియట్ టబ్మన్ బానిసల్ని రాత్రిళ్లు అడవుల్లోంచి దాటించింది. ఒక్కరినీ పోగొట్టుకోలేదు. నువ్వేమో నేను టీ తాగుతుంటే అనంతగిరిలో వదిలేసి పోయావు!"

అన్నిటికంటే పెద్దది ముందు సీటు గొడవ. పెద్దమనుషులు ఎవరెక్కినా ఆవిడ కదలదు.

"నల్లజాతి ఆవిడ రోజా పార్క్స్ బస్సులో తెల్లాయనకి సీటివ్వలేదు. అరెస్టు చేసినా సరే అంది. నేనూ లేవను."

"ఇక్కడ తెల్లవాళ్లెవరూ లేరు కదండీ?"

"తెల్లచొక్కాలున్నాయిగా!"

మన్యం ఆడవాళ్లు అలా కాదు. తెల్లచొక్కా ఎక్కితే చాలు, ఎవరూ అడక్కుండానే లేచి, బుట్టల పక్కన కింద కూలబడతారు.

మొన్న సంతరోజు మన్యం పిల్ల గంగ ఎక్కింది. నెలలు నిండిన మనిషి, అరకు ఆసుపత్రికి వెళుతోంది. టీచరు పక్కనే కూర్చుంది. తర్వాతి స్టాపులో కూరగాయల షావుకారు వరహాలరావు ఎక్కాడు. అలవాటు కొద్దీ గంగ కడుపు పట్టుకుని సగం లేచింది. ముందున్నవన్నీ ఘాట్ మలుపులు. పడితే తల్లీబిడ్డల గతేమిటి?

టీచరు మాత్రం కదలకుండా కూర్చుంది, అంతే. గంగ ఆవిడ వంక చూసి, మెల్లగా మళ్లీ కూర్చుంది.

"ఏటే గంగా, లెగవా?" అన్నాడు వరహాలరావు.

"నెగను బాబూ. రోజమ్మ నెగనేదంట. నానూ నెగను."

బస్సంతా గొల్లుమంది. వరహాలరావు కూడా నవ్వేసి పైన రాడ్ పట్టుకున్నాడు.

అప్పుడు లేచింది హేమలత టీచరు! కింద కూర్చున్న ఒక ముసలమ్మని లేపి తన సీట్లో కూర్చోబెట్టింది.

"ఇదేటి టీచరమ్మా, మీరు లేవడమే!" అన్నాను.

ఆవిడ నా చెవి దగ్గర గొంతు తగ్గించింది. "ఘాట్ రోడ్డులో కూర్చుంటే నాకు కడుపులో తిప్పేస్తుంది నాయనా. నిలబడితేనే హాయి. ఇన్నేళ్లూ ఎలా ఆపుకున్నానో ఆ దేవుడికే తెలియాలి."

"మరి ఎందుకమ్మా కూర్చున్నారు?"

ఆవిడ గంగ వైపు, ముసలమ్మ వైపు చూసింది. "వీళ్లు చూస్తారని."

దండం పెట్టాలనిపించింది. చేతిలో టికెట్ మిషనుండి ఊరుకున్నాను గానీ.