లేదన్న బాట

మొన్న ఆదివారం కూరగాయలకని బయల్దేరి కాలవగట్టు మీద నడుస్తుంటే తడి సున్నం వాసన తగిలింది. పసుపుపచ్చ టోపీలు పెట్టుకున్న పదిమంది కాలేజీ పిల్లలు గట్టు మీది చెట్ల మొదళ్ళకి సున్నం పూస్తున్నారు. ఇరవై ఏళ్ళుగా గుడివాడలో ఉంటున్నదాన్ని, సెలవు పూట ఎండలో నిలబడి ఎవరూ ఊరికే చెట్లకి సున్నం పుయ్యరని నా గట్టి నమ్మకం. ఆగి, "ఎవరు పంపారమ్మా మిమ్మల్ని?" అని అడిగాను. ఎవరూ పంపలేదన్నారు. "మరి మీకేంటి దీంట్లో?" అన్నాను. ఒకమ్మాయి బ్రష్షు పట్టుకునే నవ్వి, "ఏం లేదాంటీ" అంది. అక్కడ ఇంకొక్క నిమిషం నిలబడలేకపోయాను. అదే ప్రశ్న, అదే జవాబు, నాకు పదేళ్ళప్పుడు మా ఊరి టీకొట్టు ముందు ఎన్నిసార్లు విన్నానో. అడిగేది ఊరివాళ్ళు, జవాబు చెప్పేది మా నాన్న.

మాది దివిసీమలో చిట్టచివరి ఊళ్ళలో ఒకటి. నాగాయలంక దాటి రోడ్డు సన్నబడి, వరి వాసన తగ్గి ఉప్పు వాసన మొదలయ్యేచోట ఉండేది. దక్షిణాన పొలాలు ఆగిపోయిన దగ్గర్నుంచి సముద్రం దాకా మడ అడవి. పోటు వస్తే నీళ్ళు చెట్ల నడుముల దాకా ఎక్కేవి, ఆటుకి అవి వెనక్కి పోయాక నల్లటి బురద, అందులోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేర్లు మిగిలేవి. వానాకాలంలో ఆ వైపు నుంచి గాలి కొడితే వంటింట్లో ఉప్పుజాడీ నీరుకారేది, చలికాలం పొద్దున పొగమంచులో అడవి మొత్తం మాయమై దానిలోని కొంగల అరుపులు మాత్రం వినిపించేవి, వేసవిలో మధ్యాహ్నాలు ఎండిన బురద పెచ్చుల మీద చిన్న ఎర్రపీతలు పరుగులు తీస్తుంటే మేము పిల్లలం వాటిని తరుముతూ ఊరి పొలిమేర దాకా వెళ్ళి, అక్కడ భయమేసి వెనక్కి వచ్చేవాళ్ళం.

మా నాయనమ్మకి అనుమానం లేకపోతే ముద్ద దిగేది కాదు. పాలు పోయించుకునేటప్పుడు ఒక చుక్క గోటి మీద వేసుకుని అది నిలబడిందా జారిందా అని చూసేది. చేపలామె గంప దించితే ఒక్కో చేపకీ మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసి, ఎర్రగానే ఉంటే "రంగేమన్నా పూశావా ఏంటే?" అని అడిగేది. అట్లతద్దికి తెల్లవారకముందే నన్ను లేపి గోంగూర పచ్చడి, ముద్దపప్పు, గడ్డపెరుగుతో అన్నం పెట్టి, చేతులకి పండిన గోరింటాకు చూసి మురిసి, ఉయ్యాల దగ్గరికి వచ్చాక మాత్రం ఆ తాడు ఎవరు కట్టారో కనుక్కుని, తను రెండుసార్లు లాగి చూస్తేగాని ఎక్కనిచ్చేది కాదు. అమ్మకి పొలం పనీ ఇంటి పనీ సరిపోయేది గనక నేను నాయనమ్మ చేతి ముద్దలు తిని, ఆవిడ పక్కలో పడుకుని పెరిగాను. అచ్చనగాయలు ఆడుతూ, అవతలి పిల్ల తొండి చేస్తోందేమోనని నా ఆట మానేసి దాని వేళ్ళే చూసేదాన్ని.

అడవిలోంచి సముద్రానికి ఒక కాలిబాట ఉండేది. పీతలకి వెళ్ళేవాళ్ళు ఆటు సమయంలో దాని మీద వెళ్ళి, పోటు రాకముందే వెనక్కి వచ్చేయాలి. రెండేళ్ళపాటు ఎవరూ అడ్డం వచ్చిన కొమ్మలు కొట్టక బాట మూసుకుపోయింది. నాంచారమ్మ అని, మా వీధి చివర పీతలు అమ్ముకునే ఆవిడ మొగుడు అక్కడే దారి తప్పి పోటులో చిక్కుకుని చనిపోయాడు. నాన్న మా ఊరి పోస్టుమాస్టరు. శవాన్ని మోసుకొచ్చిన నలుగురిలో నాన్న ఉన్నాడు. ఆ నెల తిరక్కుండానే నాన్న, నాంచారమ్మ, బందరు నుంచి కరీంగారు కలిసి బాట సంఘం పెట్టారు. కరీంగారు కాంపౌండరుగా చేసి రిటైరైన పెద్దాయన. ఒకప్పుడు ఈ ఊళ్ళన్నీ సైకిలు మీద తిరిగి సూదులు వేసిన మనిషి. ప్రతి ఆదివారం మొదటి బస్సుకి దిగి, నాకోసం బందరు హల్వా పొట్లం ఇచ్చేవారు. నేతితో తడిసిన ఆ కాగితాన్ని నాయనమ్మ లాక్కుని, ముందు పిల్లికి కాస్త పెట్టి, అది మూతి నాక్కుంటూ బతికే ఉందని తేలాక నాకు ఇచ్చేది.

ఆ సంఘం పని కొడవళ్ళు తీసుకుని ఆటు వేళకి అడవిలోకి వెళ్ళడం, బాట మీదికి వంగిన కొమ్మల వరకే కొట్టడం, పాయలు దాటేచోట తాటి దుంగలు సర్దడం. మంచులో కూడా కనబడాలని, మలుపు మలుపుకీ తలకి సున్నం పూసిన కర్ర ఒకటి పాతేవారు. వీటన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉండేది. అడవిలోంచి పుల్ల కూడా ఇంటికి తేకూడదు. ఊరి మొదట్లో టీకొట్టు దగ్గర ముగ్గురూ ఆగి, నాన్న కండువా, కరీంగారు చేతిసంచీ, నాంచారమ్మ గంప అందరిముందూ దులిపి చూపించి మరీ ఇళ్ళకి వెళ్ళేవారు. తమ మీద ఎవరికీ అనుమానం రాకూడదని వాళ్ళే పెట్టుకున్న పద్ధతి అది. ఊళ్ళో అనుమానం మొదలైంది దానివల్లే.

"అడవికెళ్ళినోడు ఓ కట్టెల మోపో, నాలుగు పీతలో తెచ్చుకుంటాడు," అనేవాడు టీకొట్టు వెంకటేశ్వర్లు మావయ్య, గ్లాసులు కడుగుతూ. "ఉత్తచేతుల్తో వచ్చి, పైగా చూపించి పోతున్నారంటే, దండుకునేది ఇంకోచోట ఉందన్నమాటేగా?" ఆ తరవాత నాన్నని నిలేసి, "నిజం చెప్పండి పోస్టుమాస్టరు గారూ, మీకేంటి దీంట్లో?" అని అడిగేవాడు. నాన్న ఏదో ఒకటి కల్పించి చెప్పినా బాగుండేది. "ఏం లేదండీ" అనేవాడు. ఆ జవాబు విన్న ప్రతివాడూ ఇంటికెళ్ళి పెళ్ళానికి ఇంకో కథ చెప్పుకునేవాడు.

ఊరిది పిచ్చి అనుమానమని ఇప్పుడు కూడా అనలేను. అవి రొయ్యల చెరువులు ఊళ్ళని మింగుతున్న రోజులు. పక్క ఊళ్ళో ముందు ఎవరో పెద్దమనుషులు వచ్చి, తలకి సున్నం పూసిన కర్రలే పాతారు. తరవాత బాటకి గ్రావెలు పోయించారు, ఊరు బాగుపడుతుందని అందరూ సంతోషించారు. ఆ గ్రావెలు మీదుగానే పొక్లెయిన్ వచ్చి గట్లు పోసింది. రెండేళ్ళకి ఆ ఊరి బావిలో నీళ్ళు నోట్లో పెట్టుకోలేకుండా అయ్యాయి. అలాంటిది, మా అడవిలో అచ్చం అవే కర్రలు పాతడం ఎంత పొరపాటో నాన్నకి తట్టలేదు. మంచులో తెల్లరంగు బాగా కనబడుతుందని మాత్రమే ఆయన ఆలోచించాడు.

ఒక్క ఆదివారం నేనూ వాళ్ళతో వెళ్ళాను. నాయనమ్మ పక్క ఊరు పెళ్ళికి వెళ్ళడంతో ఆపేవాళ్ళు లేకపోయారు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందని చెప్పి, ఆ చెట్టు వచ్చినప్పుడల్లా నాన్న నా మొహానికి తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. బురద పాదాల వేళ్ళ మధ్య నుంచి చల్లగా పైకి ఉబికింది. నాంచారమ్మ ముందు నడుస్తూ ఒకచోట ఆగి, నీళ్ళు చల్లి నేలకి దణ్ణం పెట్టుకుంది. ఆమె మొగుడు దొరికింది అక్కడేనని ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది. చివరికి చెట్లు విడిపోయి ఒక్కసారిగా సముద్రం కనబడితే, కరీంగారు ఎంతో ఇష్టంగా, "చూడమ్మా, ఇదంతా నడిచొచ్చి చూశావు నువ్వు" అన్నారు. నా బాల్యంలో అంత సంతోషపడ్డ రోజు ఇంకొకటి గుర్తు రావడం లేదు.

అయినా అనుమానం పోలేదు. అది నాలోపల పెరుగుతూనే ఉంది, ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఒకరోజు నాన్న ఉత్తరాల సంచీలో నల్ల అట్ట పుస్తకం కనబడితే తెరిచాను. "పెద్ద పాయ నుంచి రెండువందల పది అడుగులు, ఎడమకి, కర్ర పదిహేడు" అంటూ పేజీల నిండా కొలతలే. నాయనమ్మకి చదువు రాదు. పెరట్లో చింతపండు గింజ తీస్తున్న ఆవిడ పక్కన కూర్చుని, గుసగుసగా మొత్తం చదివి వినిపించాను. ఆవిడ కత్తిపీట పక్కకి నెట్టేసింది. "నా కడుపున పుట్టి అడవి కొలిచి అమ్ముతున్నాడంటే!" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమ్మకం సాగకుండా ఎవరైనా అడ్డుపడితే కొడుకు ఆ పాపంలోంచి బయటపడతాడని వెంకటేశ్వర్లు మావయ్యకి చెప్పింది.

మర్నాడే ఊరివాళ్ళు పోయి కర్రలన్నీ పీకేశారు. పీకినవి వృథా పోనివ్వడం మావాళ్ళకి చేతకాదు గనక, వారం తిరిగేసరికి ప్రతి పెరట్లో చిక్కుడు పాదుకీ కాకర పాదుకీ తెల్లతల కర్ర ఒకటి నిలబడింది. ఉత్తరాలు పంచుతూ నాన్న ఆ పెరళ్ళన్నీ దాటుకుంటూ నడిచాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం కూడా నాకు తప్పుచేసినవాడి పద్ధతిలాగే కనబడింది.

ఆ కొలతలు ఎందుకో తరవాతి గురువారం తెలిసింది. అది ఊరివాళ్ళ బాట అని సర్కారు రికార్డుల్లో రాయిస్తే, ఎవరూ దానికి అడ్డంగా గట్టు పొయ్యలేరని సంఘం ఆరునెలలుగా అర్జీలు పెడుతోంది. చూసి రాసుకోవడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. నాన్న కొలతల పుస్తకం ఇచ్చాడు గాని, చూపించడానికి కర్రలు లేవు. ఆయన వచ్చిన వేళకి పోటు మీదుంది, బాట మొదలు నీళ్ళలో మునిగి ఉంది. ఆయన టీకొట్టు ముందు కుర్చీ వేయించుకుని, పోగైన జనాన్ని అడిగాడు, "ఏవండీ, ఇక్కడ్నుంచి సముద్రానికి బాట ఉందా?"

బాట ఉందని రాస్తే పక్క ఊళ్ళోలాగే దాని మీద మిషన్లు వస్తాయని వెంకటేశ్వర్లు మావయ్య అప్పటికే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. "బాటా? ఇక్కడ బాటేం లేదండి," అన్నాడు. "మా తాతల నాటి నుంచీ లేదండి," అన్నారు వెనకున్నవాళ్ళు. పొద్దున ఆ బాట మీదే వెళ్ళి పీతలు తెచ్చుకున్నవాళ్ళు కూడా, గంపలు పక్కన పెట్టుకునే, లేదన్నారు. నాంచారమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"లేదా? మరి నా మొగుడు ఏ బాట మీద పోయి చచ్చాడయ్యా?"

కరీంగారు చేతిసంచీ గుండెలకి ఆనించుకుని నిలబడిపోయారు. ఆఫీసరుకి ఎవర్ని నమ్మాలో తెలియక, పిల్లలు అబద్ధం చెప్పరనుకున్నాడో ఏమో, నా వైపు తిరిగాడు. "పోస్టుమాస్టరు గారి అమ్మాయివి కదూ? మీ నాన్నతో ఎప్పుడన్నా సముద్రం దాకా నడిచి వెళ్ళావామ్మా?" నాయనమ్మ చెయ్యి నా భుజం మీద ఉంది. ఆవిడ నొక్కిందని ఎన్నో ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నొక్కలేదు. నాన్న వైపు చూడకుండా, "లేదండీ," అన్నాను.

ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. ఏడాది తిరక్కుండానే ఎక్కడివాళ్ళో వచ్చి అడవి మొదట్లో చెరువులు తవ్వించారు. ఊరు అడ్డం పడితే, ఇక్కడ బాట లేదని మీరే చెప్పారుగా అని ఆ కాగితం నకలు తెచ్చి చూపించారు. మనిషెత్తు గట్టు బాట మొదలుకి అడ్డంగా లేచింది. నాలుగు పంటలకి రొయ్యలకి తెగులొచ్చి వాళ్ళూ వదిలేసి పోయారు, గట్టు మాత్రం ఉండిపోయింది. నాంచారమ్మ పీతల పని మానేసి కూతురి దగ్గరికి గూడూరు వెళ్ళిపోయింది. కరీంగారు మరి మా ఊరి బస్సెక్కలేదు. ఆ సముద్రం ఒడ్డుకి మా ఊరివాళ్ళు ఇప్పుడు వెళ్ళాలంటే ముప్పావుగంట ఆటోలో చుట్టు తిరిగి వెళ్ళాలి. అక్కడొక బాట ఉండేదంటే మా మేనల్లుడు నమ్మడు.

నాన్న ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నాడు. మొన్న గట్టు మీదనుంచి ఖాళీ సంచీతో తిరిగొచ్చేసరికి వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఎదురుగా కూర్చుని, ఆ రోజుల్లో పుస్తకం చదివి చెప్పింది నేనేనన్నాను. తెలుసన్నాడు.

"ఆఫీసరు ముందు ఊరంతా లేదంది, నేనూ లేదన్నాను. అంతమందిలో నన్నొక్కదాన్నయినా ఎందుకు కోప్పడలేదు నాన్నా?"

పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఊరివాళ్ళు నాతో ఒక్క ఆదివారం కూడా రాలేదమ్మలూ, వాళ్ళమీద కోపమెందుకు," అన్నాడు. "నువ్వు వచ్చావుగా. నిన్నేమనాలో తెలీలేదు."