మా ఇంటావిడ కూతురు

ఆ డీఎన్ఏ పరీక్షల కేంద్రంలో ఆమెను అందరూ దూదిపుల్లమ్మ అంటారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళ బుగ్గ లోపలివైపు దూది చుట్టిన పుల్లతో రుద్ది, ఆ పుల్లను కవరులో పెట్టి, కవరు మీద వాళ్ళ చేత సంతకం చేయించడం ఆమె పని. ఇరవై ఏళ్ళుగా అదే కౌంటరు, అదే గుండ్రటి స్టూలు. వెనక గోడకు ఒక బోర్డు ఉంది. నమూనా ఇచ్చే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు అని అరచేయంత అక్షరాలతో రాసి ఉంటుంది. ఇన్నేళ్ళలో దాన్ని చదివినవాళ్ళు పదిమంది ఉంటారేమో. మిగతావాళ్ళంతా నోట్లో ఏదో నములుతూ వచ్చి ఆమెనే అడుగుతారు.

అడిగేది అదొక్కటే అయితే ఆమె ఉద్యోగం హాయిగా సాగిపోయేది.

"రక్తం తియ్యరా? ఉమ్ములో ఏం తెలుస్తుంది?" అని మొదలుపెడతాడొకడు.

"ఉమ్ము కాదండి, బుగ్గ లోపలి కణాలు. ఒంట్లో ఎక్కణ్ణుంచి తీసినా లోపల రాసున్నది ఒకటే. ఇక్కడైతే నొప్పుండదని ఇక్కడ తీస్తాం."

"పోయినేడు ఆపరేషన్లో నాకు ఎవరిదో రక్తం ఎక్కించారు. ఇప్పుడు నాది మారిపోయుంటుందా?"

"ఆ రక్తం కొన్నాళ్ళుండి పోతుందండి. మీరు మీరే."

ఒకావిడ కాగితంలో పొట్లం కట్టి, మంగలి షాపులో ఊడ్చిన వెంట్రుకలు తెచ్చింది. కుదురు లేని వెంట్రుక మాకు పనికిరాదమ్మా, పైగా మనిషికి తెలియకుండా మేం చెయ్యం అని ఆమెకు నచ్చచెప్పేసరికి గంట పట్టింది. ఇంకొకాయన రిపోర్టు పట్టుకుని, నూటికి నూరని రాయకుండా తొంభైతొమ్మిది పక్కన ఇన్ని తొమ్మిదులెందుకు పెట్టారు, ఆ మిగిలిన పిసరు ఎవరిదని తగువేసుకున్నాడు. "ఆ పిసరు లెక్కల మాస్టారిదండి. ఆ లెక్క ఎంత లాగినా నూరు దాకా రాదు" అందామె. ఆయన నవ్వలేదు. అక్కడికి వచ్చేవాళ్ళు నవ్వే స్థితిలో ఉండరు.

ముక్కు నాది కాదు, నలుపు మావైపుది కాదు అని వచ్చేవాళ్ళకు ఆమె ఓపిగ్గా చెప్పేది. "మేం ముఖం చూడమండి. ఇరవై చోట్ల అంకెలు చూస్తాం. ఒక్కో చోట రెండేసి అంకెలుంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. తండ్రి దగ్గరున్న రెండింట్లో ఒకటి ప్రతిచోటా బిడ్డ దగ్గర కనపడాలి. అంతే పరీక్ష."

"అయితే మా వాళ్ళెవరికీ లేని పోలిక ఎలా వస్తుంది?"

"వాళ్ళ దగ్గర దాక్కునుంటుందండి. తల్లి దగ్గర కొంచెం, తండ్రి దగ్గర కొంచెం బయటపడకుండా ఉండి, రెండూ ఒక బిడ్డలో కలిస్తే అప్పుడు పైకి తేలుతుంది."

ఈ జవాబు చెప్పేటప్పుడు మాత్రం ఆమె తల ఎత్తేది కాదు. ఎత్తితే ఎదుటివాళ్ళకు ఆమె కళ్ళు కనపడతాయి. దూదిపుల్లమ్మవి బూడిదరంగు పిల్లికళ్ళు. ఆమె తల్లివీ తండ్రివీ నల్లటి కళ్ళు, వాళ్ళ తల్లిదండ్రులవీ నల్లటి కళ్ళే.

తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. బస్సులు ఆగే చోట, మెట్ల కింద, మనిషి నిలబడితే తల తగిలేంత దుకాణం. కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో ఆవగింజంత స్క్రూలు ఎత్తి పెట్టేవాడు. పుట్టిన ఇరవయ్యో రోజున బిడ్డను వెలుతురులోకి తీసుకుపోయి అదే అద్దంతో కళ్ళలోకి చూశాడట. చూసి తల్లికి తిరిగి ఇచ్చేశాడు. మళ్ళీ ఎత్తుకోలేదు.

కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. అలాంటివాడైతే పదిమందిలో నిలదీయడానికన్నా ఉండేది. ఫీజు కట్టాడు, చెప్పులు కొన్నాడు, జ్వరమొస్తే మందు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాన్నా అని పిలిస్తే మాత్రం పలికేవాడు కాదు. పిల్లకు అర్థమైపోయి పిలవడం మానేసింది. చెప్పాల్సిందేమైనా ఉంటే ఎదురుగా వెళ్ళి నిలబడి చెప్పేది.

తొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు అన్నం క్యారియరు తీసుకుని దుకాణానికి వెళ్ళింది. గోడ గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన ఆమెను చూసి, "మీ అమ్మాయా?" అని అడిగాడు. తండ్రి అద్దం తీయకుండానే, "మా ఇంటావిడ కూతురు" అన్నాడు. పెద్దాయన గడియారం వైపు చూశాడు. పిల్ల క్యారియరు అక్కడ పెట్టి వచ్చేసింది. ఇంటికొచ్చి తల్లితో ఆ మాట చెప్పింది. తల్లి దర్జీ దుకాణాలకు కాజాలు కుట్టేది. ఒళ్ళో చొక్కా అలాగే ఉంచుకుని, "నువ్వు ఆయన కూతురివే. ఒకసారి చెప్తున్నా, మళ్ళీ చెప్పను" అంది. అన్నట్టే మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. పిల్లను దగ్గరకు తీసుకుని, "నువ్వు నమ్ముతున్నావుగా" అని మాత్రం అడిగింది. నమ్ముతున్నానంది పిల్ల.

ఆ ఇంట్లో ఆ తర్వాత ముగ్గురూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ బతికారు. దూదిపుల్లమ్మ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు తీరిక లేదని చెప్పేది. పరీక్షల కేంద్రంలో చేరినప్పుడు, నీకేం, ఒక్క పుల్లతో నీ గొడవ తేల్చుకోవచ్చు అని ఒక దూరపు పిన్ని అంది. "అమ్మ చెప్పాక ఇంకేం తేల్చుకోవాలి" అని దులిపేసిందామె. ఆ జవాబు ఆమెకే ఎంతో ముచ్చటేసింది. ఇరవై ఏళ్ళపాటు దాన్ని తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. రోజుకు పాతికమంది నోళ్ళలో పుల్ల పెట్టే మనిషి తన నోట్లో ఎందుకు పెట్టుకోలేదో, ఆ జవాబు వెనక ఏం దాచుకుందో ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను అడగలేదు.

తండ్రికి డెబ్భై నిండాక కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. దుకాణం మూతపడింది. తల్లికి మోకాళ్ళు వంగవు కాబట్టి మంచం పని అంతా కూతురిదే. ఉద్యోగానికి వెళ్ళేముందు ముఖం తుడిచి, పాలల్లో నానబెట్టిన రొట్టె చెంచాతో తినిపించేది. ఏడాదిపాటు ఆ చెంచాకు నోరు తెరిచాడే తప్ప ఆమె ముఖంలోకి చూడలేదు. ఒకరోజు పొద్దున, తల్లి పక్కవీధి దర్జీకి చొక్కాలు ఇవ్వడానికి వెళ్ళిన సమయంలో, గోడ వైపు తిరిగి ముద్దముద్దగా అడిగాడు.

"మీ ఆఫీసులో చేస్తారటగా. ఆ పరీక్ష. నాది చెయ్యి."

"ఎందుకిప్పుడు?"

"తెలియకుండా పోవడం ఇష్టం లేదు."

నలభై రెండేళ్ళ మనిషి చేతిలో చెంచా పట్టుకుని మంచం పక్కన కూర్చుండిపోయింది. అమ్మ మాట నిలబెట్టే అవకాశం ఇన్నాళ్ళకు కాళ్ళ దగ్గరకు వచ్చిందనుకుంది. అమ్మకు చెప్పకుండా చేసి, చివర్లో రిపోర్టు తెచ్చి ఒళ్ళో పెట్టాలనుకుంది. ఆ సంబరంలో మరునాడే ఫారాలూ పుల్లలూ తెచ్చింది. సొంతవాళ్ళ నమూనా సిబ్బంది తీయకూడదని కేంద్రంలో నియమం. అదీ దాటేసింది. ఎడంచేత్తో ఆయన గీసిన వంకర సంతకం తీసుకుని, ఆయన బుగ్గ రుద్ది, తర్వాత తన బుగ్గ రుద్దుకుంది.

వారం తర్వాత ల్యాబ్ పెద్దావిడ ఆమెను లోపలికి పిలిచింది.

"ఏమ్మా, ఊరందరికీ అరగంట అరగంట అని చెప్తావు, నువ్వేం చేశావు? మీ నాన్న నమూనాలో నీది కలిసింది."

ఎవరి నమూనాలోనైనా సిబ్బందిది కలిస్తే పట్టుకోవడానికి సిబ్బంది అందరి అంకెలూ ల్యాబులో దాచి ఉంటాయి. ఉద్యోగంలో చేరిన రోజు దూదిపుల్లమ్మ నుంచి వాళ్ళు తీసుకున్న నమూనా అంకెలు ఇన్నాళ్ళకు ఆమెనే పట్టిచ్చాయి. ఆమెకు వెంటనే అర్థమైంది. ఆ రోజు కూడా ఎప్పటిలాగే పాలు వేడిగా ఉన్నాయేమోనని ముందు తాను చప్పరించి చూసి, అదే చెంచాతో తినిపించింది. ఆ వెంటనే పుల్ల పెట్టింది. ఏడాదిగా ఆయన తినే ప్రతి ముద్దా అలాగే ఆమె నోరు చూసి వెళ్తున్నదే. నా కూతురు కాదన్న మనిషి నోట్లో ఆమె ఉమ్ము కలిసిపోయి ఉందని లెక్క తేలింది.

పెద్దావిడ అటు తిరిగి ఫోను మాట్లాడుతుంటే దూదిపుల్లమ్మ ఆ కాగితం తనవైపు లాక్కుంది. ఒక మనిషికైతే ఒక్కో చోట రెండు అంకెలకు మించి ఉండవు. సంబంధం లేని ఇద్దరివి కలిస్తే నాలుగు కనపడే చోట్లు తప్పకుండా ఉంటాయి. తండ్రీ బిడ్డలవి కలిస్తే ప్రతిచోటా ఒకటి ఇద్దరిదీ కాబట్టి మూడు దాటవు. వేలు పెట్టి లెక్కపెట్టింది. మూడు, రెండు, మూడు, మూడు. ఇరవై చోట్లా చూసింది. నాలుగు ఎక్కడా లేవు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఇది రుజువు కిందికి రాదు. మళ్ళీ తియ్యాలి. ఈసారి నువ్వు కాదు" అంది పెద్దావిడ.

ఆదివారం ఉదయం కేంద్రం నుంచి కొత్తమ్మాయి ఇంటికొచ్చింది. ఆ పిల్ల చేరి నాలుగేళ్ళయినా అందరికీ ఇంకా కొత్తమ్మాయే. తలుపు తీసింది తల్లి. చేతిలోని కవర్లూ పుల్లలూ చూసింది, మంచం మీద నోరు తెరిచి సిద్ధంగా ఉన్న భర్తను చూసింది, కూతురిని చూసింది. లోపలికి వెళ్ళి టీ పెట్టింది. పని ముగించి కప్పు అందుకుంటూ కొత్తమ్మాయి అలవాటు కొద్దీ అడిగింది.

"మీది కూడా తియ్యమంటారా అమ్మా? తల్లిది ఉంటే లెక్క ఇంకా గట్టిగా ఉంటుంది."

"నాదెందుకమ్మా. నేను తల్లినన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదుగా" అంది తల్లి.

రిపోర్టు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ తల్లి దాని ఊసెత్తలేదు. అన్నం పెట్టింది, కాజాలు కుట్టింది, సమయానికి దీపం ఆర్పి పడుకుంది. కోపగించుకుంటే సర్దిచెప్పొచ్చని చూసిన కూతురికి ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

వచ్చిన రోజు తండ్రి దాన్ని తానే చదువుతానన్నాడు. భూతద్దం అడిగి తెప్పించుకుని కంటికి బిగించుకున్నాడు. ఎడమచేతి వేలు ఒక్కో వరుస మీద పెట్టి, తన అంకె చూసి, ఆమె అంకె చూసి, కిందికి దిగాడు. పళ్ళచక్రాలు సరిచూసుకున్నంత నిదానంగా గంటసేపు చూశాడు. అద్దం తీసి, "సరిపోయింది" అన్నాడు. క్షమించమనలేదు. ఆ మాట ఆయన నోటికి అలవాటు లేదు. సాయంత్రం చేతికి వ్యాయామం చేయించే కుర్రవాడు వచ్చి, ఈవిడెవరండీ, మీకు ఇంత సేవ చేస్తున్నారు అని అడిగితే, "మా అమ్మాయి" అన్నాడు.

దూదిపుల్లమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట విన్నది. ఆ రెండు మాటల కోసం ముప్పై మూడేళ్ళు ఎదురుచూసిందని ఆమెకు అప్పుడే తెలిసింది. రిపోర్టు తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది. తల్లి కిటికీ పక్కన కూర్చుని కాజా కుడుతోంది.

"అమ్మా, నీ మాటే నిజమని తేలింది. ఆయన నోటితోనే అన్నాడు, విన్నావా?"

"విన్నాను."

"నీకు సంతోషంగా లేదూ?"

"నా మాట నిజమని నాకు తెలుసుగా." సూది బయటకు లాగి దారం బిగించింది తల్లి. "కాగితం ముందు ఎవరు చూశారు? ఆయనా, నువ్వా?"

"నేనేనమ్మా. మొదటిసారి పాడైందే, ఆ కాగితంలోనే తెలిసిపోయింది నాకు. ఆఫీసులో కూర్చుని లెక్కపెట్టా."

"లెక్కపెట్టాక ఏమనిపించింది?"

"హమ్మయ్య అనిపించిందమ్మా. అక్కడే కుర్చీలో కూర్చుండిపోయా."

అనేశాక ఆమెకు ఆ మాట వినపడింది. వెనక్కి తీసుకునే వీలు లేదు. తల్లి తలెత్తి కూతురి బూడిదరంగు కళ్ళలోకి చూసింది.

"ఆయన అనుమానం ఇన్నేళ్ళు మోశాను. ఇంట్లో ఇంకో మనిషి నా వైపుందనుకుని మోశాను" అంది తల్లి.

దారం కొరికి, ఆ చొక్కా మడిచి పక్కన పెట్టి, ఇంకో చొక్కా ఒళ్ళోకి తీసుకుంది.