లెక్క చెప్పని మంద

ఉద్దనపల్లి సుబ్బక్కకు గొర్రెలంటే ప్రాణం. వాటి లెక్క అడిగితే మాత్రం ఒళ్లు మంట. లెక్క పైకి చెబితే మందకు దిష్టి తగులుతుందని ఆమె నాయన లక్ష్మణప్ప చిన్నప్పుడే నూరిపోశాడు. ఎన్నున్నాయని ఎవరడిగినా "ఏదో నాలుగైదు" అనాలి. వంద ఉన్నా అంతే, రెండొందలున్నా అంతే.

ఆ రోజులే వేరు. ఊరి వెనక మేత బయలు కనుచూపు మేర ఉండేది. కోతలయ్యాక రైతులు ఎరువు కోసం తమ చేలో మంద నిలపమని నాయనను బతిమాలుకునేవారు. ఆ పూట రాగిముద్ద, ఉలవచారు వాళ్లింటి నుంచే వచ్చేవి. సుబ్బక్క గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని తినేది. ఆ రుచి మళ్లీ ఏ విందులోనూ దొరకలేదని ఇప్పటికీ అంటుంది.

హోసూరు ఫ్యాక్టరీలు ఇటు పాకాక బయలు ముక్కలైంది. మిగిలిన ముక్కలో ఫ్యాక్టరీల చెత్త పోస్తామంటూ పోయినేడు సర్వేవాళ్లు వచ్చారు. పెద్దవాళ్ల కాలనీల పక్కన చోటు దొరకలేదు కాబోలు. గొర్రెలెన్నని అడిగితే సుబ్బక్క అలవాటు కొద్దీ "ఏదో నాలుగైదు" అంది. మందలున్న ఇళ్లన్నింటిలో అదే జవాబు. ఇంకేం, ఆ బయలు ఎవరికీ అక్కర్లేని బీడని తేల్చేశారు.

దానిమీద జనం మాట వింటామని కృష్ణగిరిలో సభ పెట్టారు. సుబ్బక్క భర్త కదిరప్పతో బస్సెక్కి పోయింది. అధికారి ఆ బీడు సంగతి చదివాడు. తన నోటితోనే తన బయలును పోగొట్టుకుంటున్నానని ఆమెకు అర్థమైంది. లేచి మైకు అందుకుంది.

"ఆ పొద్దు దాచినాను సామీ. మావి నూటా పద్దెనిమిది గొర్లు. ఆ బయలు పోతే యాడికి తోలుకుపోయేది?"

పక్కింటి మునివెంకటమ్మ లేచి తన మంద లెక్క చెప్పింది. ఆమె వెనక ఊళ్లోని మందలవాళ్లంతా ఒక్కొక్కరే లేచారు. మళ్లీ సర్వే చేసేదాకా చెత్త బండి అటు రాదని అధికారి ఒప్పుకోక తప్పలేదు.

తిరుగు బస్సులో అందరూ సంబరంగా ఉంటే, సుబ్బక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాయన బతికుంటే తన మొహం చూడడని కుమిలిపోయింది.

కదిరప్ప ఆమె వైపు తిరిగాడు.

"మీ నాయనకు మేత ఉండె, లెక్క దాచినాడు. మనం దాస్తే మేతే పోతాది," అన్నాడు.

సుబ్బక్క కొంగు దించి కళ్లు తుడుచుకుంది.